ఇంట్లో చెప్పుకోని మాటలు, స్టేజీ మీద నవ్వులు: నాటకం మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. తిరుపతిలో ఒక స్థానిక నాటక సమాజం కొత్త హాస్య నాటకం రెడీ చేస్తోంది, ఒకే ఇంట్లో ఉంటూ ఒకళ్ళతో ఒకళ్ళు నేరుగా మాట్లాడుకోని కుటుంబం కథ అది. రిహార్సల్స్ కూర్చుని చూశా కాబట్టి దాని గురించి అడిగినవాళ్ళకి, ఆ సందర్భంగా నాటకం గురించి ఇంకేదో అడిగినవాళ్ళకి అందరికీ ఇక్కడే చెబుతున్నా.

మా ఇంట్లో అత్తగారు, మావారు, ఇద్దరు పిల్లలు. టీవీలో కామెడీ అంటే అందరం కలిసి చూడలేని మాటలే వస్తున్నాయి. ఈ నాటకానికి ఇంటిల్లిపాదీ పోవచ్చా? అసలు కథేంది?
— ఒక గృహిణి, తిరుపతి

తప్పకుండా పోండమ్మా, అత్తగారిని ముందు వరసలో కూర్చోబెట్టండి. పిల్లల ముందు తల దించుకోవాల్సిన మాట ఒక్కటి కూడా లేదు, చూశాకే చెబుతున్నా. కథ చాలా చిన్నది. రిటైరైన నాయన, అమ్మ, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న కొడుకు, కోడలు, మూలన మంచం మీద అవ్వ. నాయన కొడుకుతో నేరుగా మాట్లాడడు, ఇద్దరూ ఒకే హాల్లో కూర్చుని ఉన్నా సరే "వాడికి చెప్పు, కరెంటు బిల్లు కట్టమని" అని అమ్మతో అంటాడు, కొడుకు కూడా అమ్మ వైపే తిరిగి "కట్టేశానని చెప్పు" అంటాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇల్లు నడుస్తున్నది అమ్మ గొంతు మీద. ఇట్లాంటి ఇళ్ళు మన వీధిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇక తిరుపతి ఇల్లు కదా, అసలు గొడవ చుట్టాలది. 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్ ఎవరి ఊళ్ళో వాళ్ళు ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, అయినా "మీరు తిరుపతిలోనే ఉంటారు కదా, దర్శనం సంగతి కొంచెం చూడండి, రూమ్ సంగతి చూడండి" అని ఫోన్ రాని ఇల్లు ఈ ఊళ్ళో ఉందా చెప్పండి. నాయన తన తమ్ముడికి గొప్పగా "రండి రండి" అనేస్తాడు, ఇంట్లో చెప్పడు. అమ్మ తన చెల్లెలికి మాటిస్తుంది, సమయం చూసి చెబుదామని ఆగుతుంది. కొడుకు తన మేనేజర్ కుటుంబానికి ఒప్పుకుంటాడు, ఆ సంగతి కోడలికే తెలియదు. అందరూ వచ్చేది ఒకే శనివారం! సరిగ్గా రెండు రోజుల ముందు అమ్మకి గొంతు పోతుంది, డాక్టరు మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దంటాడు. అంతే, అక్కడి నుంచి నాటకం పరుగే పరుగు.

నాకు బాగా నచ్చింది అమ్మ మాటలు మార్చి చెప్పే పద్ధతి. నాయన "ఆ వెధవకి చెప్పు, పదింటి దాకా పడుకుంటే కొంప గడవదని" అంటే ఆమె గదిలోకి పోయి "నాయన అడగతా ఉండాడు రా, రాత్రి నిద్ర పట్టలేదా అని" అంటుంది. కొడుకు "ఆయన పని ఆయన్ని చూసుకోమను" అంటే ఈమె బయటికొచ్చి "సరేనన్నాడు" అంటుంది. అబద్ధాలే, కానీ ఆ అబద్ధాల మీదే ఆ ఇద్దరూ ఒకళ్ళంటే ఒకళ్ళకి పర్వాలేదు అనుకుంటూ బతికారు. అమ్మ గొంతు పోయాక మొదటిసారి అసలు మాట అసలు మనిషి చెవిన పడుతుంది, జనం నవ్వేది అక్కడ, కాసేపటికి నవ్వు ఆపి కూర్చునేది కూడా అక్కడే. ఫోన్లు మాత్రం సైలెంట్లో పెట్టించండమ్మా, స్టేజీ మీద కూడా ఫోన్ మోగే నాటకం ఇది, హాల్లో మోగితే ఏది ఏదో తెలియక పాపం నటులు కంగారు పడతారు.

నేను ఈ నాటకంలో కొడుకు వేషం వేస్తున్నా అన్నా. రిహార్సల్లో నా డైలాగులకి ఎవరూ నవ్వడం లేదు, నాయన వేషం వేసే ఆయన దగ్గినా నవ్వుతున్నారు. టైమింగ్ ఎట్లా నేర్చుకోవాలి? మధ్యలో నా సొంత పంచులు రెండు వేసుకోవచ్చా?
— ఒక యువ నటుడు, రేణిగుంట

తమ్ముడూ, సొంత పంచులు వద్దు, ముందు అది చెప్పేస్తా. ఈ నాటకంలో మాటలన్నీ ఒకదానికొకటి ముడివేసి రాశారు. మొదటి సీన్లో నువ్వు "శనివారం" అనాల్సిన చోట ఊపులో "వీకెండ్" అన్నావనుకో, మూడో సీన్లో నాయన "ఏ శనివారం?" అని అరిచేటప్పుడు జనానికి ఏమీ అందదు. మాట జారితే నవ్వు పోవడమే కాదు, కథే అర్థం కాకుండా పోతుంది. అపార్థాల మీద నడిచే హాస్యంలో నటుడు రాసింది రాసినట్టు చెప్పాలి, నాకు తెలిసి దీనికి మినహాయింపు లేదు.

ఇక నవ్వు రాకపోవడం సంగతి. నువ్వు నీ డైలాగు చెప్పి జనం వైపు చూస్తున్నావు, గమనించా. ఇట్లాంటి నాటకంలో నవ్వు చెప్పినోడి నోట్లో పుట్టదు, విన్నోడి మొహంలో పుడుతుంది. "కట్టేశానని చెప్పు" అని నువ్వన్నప్పుడు జనం చూసేది నిన్ను కాదు, పేపర్ వెనక ఉన్న నాయన చెవులు కదలడాన్ని. కాబట్టి నీ పని గట్టిగా చెప్పడం కాదు, ఆయన విన్నాడని నీకు తెలిసి కూడా తెలియనట్టు ఉండడం. అట్లాగే ఆయన మాట్లాడేటప్పుడు నువ్వు నీ తర్వాతి డైలాగు మనసులో వల్లె వేసుకుంటూ నిలబడొద్దు, నిజంగా విను, వినేవాడి కళ్ళు వేరేగా ఉంటాయి, పదో వరసలో కూర్చున్నోళ్ళకి కూడా అది తెలిసిపోతుంది.

నాట్యశాస్త్రంలో భరతముని హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా చెప్పాడు, తాను నవ్వడం ఒకటి, ఎదుటివాళ్ళని నవ్వించడం ఇంకొకటి. నవ్వుల్లో కూడా స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చెప్పాడు, పళ్ళు కనపడని చిరునవ్వు నుంచి కళ్ళ నీళ్ళొచ్చే నవ్వు దాకా. నీ పాత్రకి కావాల్సింది మొదటి రెండూ. జనం మొదటి సీన్లోనే పొట్ట పట్టుకుని నవ్వాలని నువ్వు ఆశపడితే ఆఖరి సీన్‌కి నీ దగ్గర ఏమీ మిగలదు.

నవ్వు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా చెబుతా, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. నవ్వు పైకి లేస్తున్నప్పుడు తర్వాతి మాట చెబితే అది ఎవరికీ వినపడదు, పూర్తిగా చల్లారేదాకా ఆగితే సీను జారిపోతుంది, కిందికి దిగడం మొదలవగానే అందుకోవాలి. ఆ రెండు మూడు సెకన్లు బొమ్మలాగా నిలబడకుండా పాత్ర ఏం చేస్తుందో అది చేస్తూ ఉండు, చార్జర్ వెతుక్కో, చెప్పు తగిలించుకో. రిహార్సల్లో నవ్వడం లేదని దిగులు పెట్టుకోకు, వాళ్ళు ఆ మాటలు రోజూ వింటున్నారు. ఒక పని చెయ్యి, ఒక రోజు నువ్వూ నాయన వేషం ఆయనా పాత్రలు మార్చుకుని రీడింగ్ పెట్టుకోండి. ఆయన మాట నీ నోట్లోంచి వచ్చినప్పుడు నీ మాట నీకు ఎట్లా తగులుతుందో తెలుస్తుంది.

నాటకంలో మన చిత్తూరు యాస పెట్టారని విన్నా. పక్క జిల్లాల్లో వేస్తే అర్థం అవుతుందా? కామెడీ కాబట్టి యాసని ఎగతాళి చేసినట్టు ఉంటుందేమో అని నా భయం.
— ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

సార్, మీ భయం న్యాయమైనదే. ఏళ్ళ తరబడి తెరమీద రాయలసీమ మాట అంటే కత్తులు, జీపులు, బాంబులు అయిపోయింది, లేదంటే వంటవాడి నోట్లో కామెడీ అయిపోయింది. ఈ నాటకంలో అట్లా లేదు. అమ్మ "తిన్నావా రా, ఇంగొంచెం ఏసుకో, జాస్తి ఏం కాదులే" అంటుంది, అవ్వ "యాడికి పోతాండావు మే" అంటుంది, దాంట్లో వెక్కిరింత యాడుంది చెప్పండి. మన ఇంట్లో మాట మన స్టేజీ మీద వినపడితే నాకైతే కడుపు నిండింది.

ఇంకో మంచి సంగతి ఏందంటే నాయన ఇంట్లో ఒక తెలుగు, ఫోన్లో ఇంకో తెలుగు మాట్లాడతాడు. పెళ్ళాంతో "ఏంది మే అది" అనే మనిషి చుట్టాల ఫోన్ రాగానే "ఆఁ చెప్పండి బావగారూ, తప్పకుండా దయచేయండి" అని పేపర్ భాషలోకి మారిపోతాడు. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నగరి, పుత్తూరు వైపు తమిళం కలుస్తుంది, కుప్పం, పలమనేరు వైపు కన్నడం కలుస్తుంది, ఇంట్లో ఒకటి బయట ఒకటి మాట్లాడ్డం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. బయటివాళ్ళకి అంత మర్యాదగా మాట్లాడే మనిషికి ఇంట్లో కొడుకుతో మాట పెగలకపోవడం, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు, యాస లేకపోతే ఇది చెప్పడమే కుదరదు.

అర్థం కావడం గురించి దిగులు లేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడినప్పటి నుంచి ఎవరి నోటికి తగ్గ మాట వాళ్ళకి పెట్టడం తెలుగు నాటకానికి తెలుసు, ఉత్తరాంధ్ర మాటల్ని మనం ఇక్కడ కూర్చుని అర్థం చేసుకుని నవ్వలేదా. మన మాటల్ని కూడా వాళ్ళు అందుకుంటారు.

అవ్వకి చెవుడు ఉన్నట్టు చూపించి నవ్విస్తారట కదా? మా అమ్మకి వినపడదు, ఆమెని ఈ నాటకానికి తీసుకుపోవాలంటే మనసు ఒప్పడం లేదు.
— ఒక పాఠకుడు, పుత్తూరు

మీకు ఎవరో సగం చెప్పారు. అవ్వకి చెవుడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, ఆమె ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు, ఆమెని ఒక్కళ్ళూ ఏమీ అడగరు. నాయనకి ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి మాట్లాడే అలవాటు, దాంతో ఏ చుట్టం ఏ రోజు వస్తున్నాడో మొత్తం ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ అవ్వ. జనం నవ్వేది ఆమె చెవుల మీద కాదు, ఆమెని మంచం కోడులాగా చూసినవాళ్ళ మీద. చెవుడు, నత్తి, కుంటి నడక చూపించి నవ్వించే నాటకాలు చాలా వచ్చాయి, అవి నాకు అస్సలు నచ్చవు, నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో అట్లాంటివాటికి చప్పట్లు పడినప్పుడు కూడా నేను చేతులు కట్టుకుని కూర్చుంటా. ఇది ఆ జాతి నాటకం కాదు.

మీ అమ్మగారిని తీసుకురండి, కానీ సైడుకి వద్దు, మధ్యలో, స్టేజీకి దగ్గరగా, నటుల పెదాలు కనపడే చోట కూర్చోబెట్టండి. కథ ముందే ఇంట్లో కూర్చుని చెప్పండి, హాల్లో చెవిలో చెప్పాలంటే మీకూ నాటకం పోతుంది, పక్కవాళ్ళకీ పోతుంది.

నాటకానికీ నాటికకీ తేడా ఏంటి సార్?
— ఇంటర్ విద్యార్థిని, తిరుపతి

నిడివే ముఖ్యమైన తేడా అమ్మా. నాటిక సుమారు గంటలో అయిపోతుంది, ఒకటే సెట్టు, తక్కువ పాత్రలు. నాటకం అంటే దాదాపు రెండు గంటలు, రంగాలు మారతాయి. పరిషత్తు పోటీల్లో ఎక్కువ కనపడేవి నాటికలు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది నాటకం, మధ్యలో విరామం కూడా ఉంది.

మా కాలేజీ ఫెస్టుకి ఇట్లాంటి కుటుంబ కామెడీ ఒకటి వేద్దామనుకుంటున్నాం. అమ్మ వేషానికి అమ్మాయిలు దొరకలేదు, మా ఫ్రెండుకి చీర కట్టి వేయిస్తే నవ్వు గ్యారంటీ అంటున్నారు. కరెక్టేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

నవ్వు గ్యారంటీనే నాయనా, కానీ దేనికి వచ్చిన నవ్వు అది? చీరకి వచ్చిన నవ్వు. అమ్మ మాటలు మార్చి చెప్పే సీనులో జనం నీ ఫ్రెండు నడక చూసి నవ్వుతూ ఉంటే ఆమె ఏం మార్చిందో వాళ్ళ చెవికెక్కదు, మీ నాటకం పునాది అక్కడే పోతుంది.

మగవాళ్ళు ఆడవేషం వెయ్యడం తక్కువ పని అని నేననడం లేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా వేస్తే ఆడవాళ్ళే ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవాళ్ళని చెప్పుకుంటారు, ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. మన గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు, ఎవరైనా ఎగతాళి చేస్తారా, దండం పెడతారు. భక్తితోనో సాధనతోనో వేసిన వేషం వేరు, అమ్మాయి దొరకలేదని నవ్వుల కోసం వేసే వేషం వేరు. ఇంకోవైపు మన సీమవాడే బళ్ళారి రాఘవ ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని గట్టిగా పట్టుబట్టాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి సమాజంలో ఇంటి ఆడవాళ్ళు కూడా స్టేజీ ఎక్కారు, ఒకే కుటుంబంలో తాత నుంచి మనవరాలి దాకా నటులే.

అమ్మాయిలు దొరకలేదు అన్నావే, అడిగారా, వాళ్ళ ఇళ్ళకి పోయి పెద్దవాళ్ళతో మాట్లాడారా? రిహార్సల్ సాయంత్రం ఏడింటికి పెడితే ఏ ఇంట్లో పంపిస్తారు, కాలేజీ టైములోనే పెట్టుకోండి, లెక్చరర్ మేడం ఒకరు కూర్చునేట్టు చూసుకోండి. తప్పకుండా వస్తారు.

మా ఊళ్ళో భారతం జరిగితే పద్దెనిమిది రోజులూ జనమే జనం. ఇట్లాంటి సాంఘిక నాటకం పెడితే కుర్చీలు ఖాళీ. ఎందుకట్లా?
— ఒక రైతు, నగరి దగ్గర

ఎందుకంటే భారతం మీ ఊరిది అన్నా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపసు మాను ఎక్కే రోజు, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టే రోజు, ఇవన్నీ ఊరంతా కలిసి చందాలు వేసుకుని, ధర్మరాజుల గుడి దగ్గర తమ చేతుల్తో చేసుకునే పండగ. సాంఘిక నాటకం వాళ్ళు వ్యాన్లో వచ్చి సెట్టు వేసుకుని, ఆడి, తెల్లారకముందే పోతారు. జనం తప్పు కాదు అది.

ఈ సమాజం వాళ్ళకి నేనిచ్చిన సలహా కూడా మీ ఊళ్ళనుంచి నేర్చుకున్నదే. వీధినాటకంలో హాస్యగాడు ఉంటాడు చూడండి, రాజుకీ జనానికీ మధ్య నిలబడి, రాజు అన్నమాట జనానికి వాళ్ళ భాషలో విడమర్చి చెప్పి, జనం మనసులో మాట రాజు మొహానే అడిగేస్తాడు, రాజు కూడా ఏమీ అనడు. ఈ నాటకంలో అమ్మ చేస్తున్నది ఇంట్లో అదే పని. మీ ఊరి ప్రేక్షకులకి ఇది కొత్త కాదు, మనకంటే బాగా పట్టుకుంటారు. తిరుపతిలో ఏసీ హాల్లో రెండు ఆటలు వేసి ఊరుకోకుండా పల్లెలకి తీసుకుపోండి, ముందురోజే వచ్చి ఊళ్ళో తిరిగి నలుగురితో మాట్లాడండి, వీలైతే అవ్వ వేషానికి ఆ ఊరి మనిషినే పెట్టుకోండి, ఆ పాత్రకి మాటలు తక్కువే కదా అని చెప్పా. ఆలోచిస్తామన్నారు, చెయ్యాలని నా కోరిక.

నేను మా ఇంటి మీదే ఒక హాస్య నాటిక రాశాను. మా ఆడపడుచు, మామగారు, మావారు, అందరూ ఉన్నారు దాంట్లో. చదివినవాళ్ళు బాగుందన్నారు. వేస్తే మాత్రం మావాళ్ళు గుర్తుపట్టేస్తారు. ఏం చెయ్యమంటారు?
— ఒక ఉద్యోగిని, పలమనేరు

అమ్మా, ముందుగా రాసినందుకు సంతోషం. ఇంటి గురించి ఆడవాళ్ళు రాసిన హాస్యం మనకి చాలా తక్కువ వచ్చింది, మునిమాణిక్యం నరసింహారావుగారి కథల్లో భార్య కాంతాన్ని ఇన్నేళ్ళుగా ఇష్టపడుతున్నాం, ఎంత చక్కటి మనిషైనా ఆ కాంతం కూడా భర్త కళ్ళతో చూసిన కాంతమే కదా. మీ కళ్ళతో ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో స్టేజీ మీద చూడాలని నాకుంది, కాబట్టి బీరువాలో పెట్టేయమని చెప్పను.

అయితే కొన్ని పనులు చెయ్యండి. ఊరు మార్చడం, పేరు మార్చడం అందరూ చేస్తారు, దానివల్ల ఏమీ దాగదు. మార్చాల్సింది బంధుత్వం. ఆడపడుచు అన్న మాట తోడికోడలి నోట్లో పెట్టి చూడండి, మామగారి అలవాటు కొడుక్కి ఇవ్వండి, అప్పుడు మీకే ఆ మాట కొత్తగా వినపడుతుంది, పాత్రకి తన సొంత కారణాలు పుట్టుకొస్తాయి. నిజంగా జరిగిన గొడవ ఒకటి ఉన్నదున్నట్టు దింపినారనుకోండి, అది మీ ఇంట్లోవాళ్ళకి దెబ్బలాగా తగులుతుంది, బయటివాళ్ళకి ఏమీ అర్థం కాదు, రెండు వైపులా నష్టమే. ఫోన్లో ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు మాత్రం యథాతథంగా పెట్టొద్దు, అది వాళ్ళు మిమ్మల్ని నమ్మి పంపింది.

ఇంకొకటి చూసుకోండి, రాసిన ఆడమనిషి పాత్ర, అంటే మీరు, ఆ నాటికలో ఎప్పుడూ కరెక్టుగానే ఉందా? ఉంటే అక్కడ మళ్ళీ కలం పెట్టండి. అందరూ తప్పు, నేనొక్కదాన్నే ఒప్పు అన్న చోట హాస్యం నిలవదు, ఫిర్యాదు అయిపోతుంది. మీ పాత్ర కూడా మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అనే సీను ఒక్కటి రాయండి, మీ ఆడపడుచు చూసినా పక్కన కూర్చుని నవ్వుతుంది.

ఆ తర్వాత వేసే ముందు మీవారికి చదివి వినిపించండి. అడిగి రాయమని కాదు, రాసింది వినిపించమని. స్టేజీ మీద మొదటిసారి వినడం, ఇంట్లో మీ నోటితో వినడం ఒకటి కాదు. ఆయన ఒక మాట దగ్గర మొహం మార్చుకుంటే ఆ మాట తీసేయక్కర్లేదు, ఎందుకో అడగండి, మీకు ఇంకో సీను దొరకొచ్చు కూడా.

నాకు 29. మా నాన్నకీ నాకూ మధ్య సరిగ్గా మాటలు లేక చాలా కాలమైంది, పెద్ద గొడవేం లేదు, అట్లా అయిపోయింది. అంతా అమ్మ ద్వారానే. ఈ నాటకం కథ వింటే మా ఇల్లే అనిపించింది. ఆయన్ని తీసుకుపోతే ఏమైనా మారుతుందా? కోపగించుకుంటాడేమో.
— ఒక పాఠకుడు, చంద్రగిరి

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. పెద్ద గొడవేం లేదు, అట్లా అయిపోయింది అన్నావే, చాలా ఇళ్ళల్లో నిజం ఇదే. గొడవ ఉంటే రాజీ ఉంటుంది, గొడవే లేనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. నాటకం చూపిస్తే నాన్న మారతాడు అని నేను చెప్పను, నాటకం చేసే పని అది కాదు, "చూశావా, నువ్వు ఇట్లాగే చేస్తావు" అని చెప్పడానికి తీసుకుపోతే ఆయనకి నిజంగానే కోపం వస్తుంది, నాకైనా వస్తుంది.

కానీ తీసుకుపో. మనసులో ఏ లెక్కా పెట్టుకోకుండా తీసుకుపో. పిలవడం మాత్రం అమ్మతో చెప్పించకు, నువ్వే అడుగు. "నాన్నా, ఆదివారం నాటకం ఉంది, వస్తావా" అంతే, ఇంకొక్క మాట కూడా అక్కర్లేదు. ఆయన బహుశా నీ మొహం చూడకుండా అమ్మ వైపు తిరిగి "ఏం నాటకమంట" అంటాడు. అప్పుడు అమ్మ నోరు తెరిచేలోపు నువ్వు జవాబు చెప్పు. అమ్మకి ముందే ఒక మాట చెప్పి ఉంచు, ఆ ఒక్కసారికి ఆమె వంటింట్లో ఉండేట్టు. ఇన్నాళ్ళు మీ ఇద్దరి బరువూ మోసిందామె, ఆమెకీ కొంచెం తెరిపి ఇవ్వాలి కదా, నువ్వు ఉత్తరమంతా నాన్న గురించే రాశావు గానీ నాకు మీ అమ్మే కనపడింది.

హాల్లో పక్కపక్కన కూర్చోండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడ్డం మన మగవాళ్ళకి కష్టం, ఒకే వైపు చూస్తూ కూర్చోవడం సులువు, నాటకానికి ఉన్న గొప్ప సౌకర్యం ఇదేనని నేననుకుంటా. ఒకే చోట ఇద్దరూ నవ్వితే సంతోషం, ఆయన నవ్విన చోట నీకు నవ్వు రాకపోతే అది గుర్తుపెట్టుకో, తిరిగి వచ్చేటప్పుడు బండి మీద "ఆ సీనుకి ఎందుకు నవ్వావు నాన్నా" అని అడగొచ్చు. మన గురించి మాట్లాడుకోవడం కంటే స్టేజీ మీద నాయన గురించి మాట్లాడుకోవడం తేలిక. దాంట్లోంచి మీ సంగతి వస్తే వస్తుంది, ఆ రోజే రాకపోయినా ఫర్వాలేదు. ఆయన రానంటే పట్టుబట్టకు, వేరే నాటకానికి ఇంకోసారి నువ్వే అడుగు.

నాటకం ఆఖర్లో తండ్రీకొడుకులు కౌగిలించుకుని ఏడ్చే సీను ఉంటుందేమోనని భయపడకు, లేదు. మొదట్లో అట్లాంటిది రాశారు, రిహార్సల్లో తీసేశారు, తీసేయడమే మంచిదని నేనూ చెప్పా. ఇప్పుడు కొడుకు నేరుగా నాయన్ని అడిగేది ఒకే ఒక్క చిన్న విషయం, చుట్టాల కోసం కొత్త చాపలు ఎక్కడున్నాయని. నాయన చెబుతాడు. హాలంతా చప్పట్లు కొట్టే చోటు అది.

నాకు 52 ఏళ్ళు. చిన్నప్పుడు స్కూల్లో నాటకాలు వేశాను, పెళ్ళయ్యాక లేదు. ఇప్పుడు పిల్లలు సెటిలయ్యారు. ఈ వయసులో చేర్చుకుంటారా? డైలాగులు గుర్తుంటాయా అని కూడా భయం.
— ఒక పాఠకురాలు, తిరుచానూరు

చేర్చుకోవడమేంటమ్మా, మీలాంటివాళ్ళ కోసం సమాజాలవాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు. పాతికేళ్ళ అమ్మాయికి తెల్ల విగ్గు పెట్టి అత్తగారిని చేసే బాధ తప్పుతుంది వాళ్ళకి. ముందు వేషం అడగొద్దు, ఒక వారం పోయి రిహార్సల్ చూడండి, రాని నటుల బదులు చదవమంటే చదవండి, ప్రాంప్టింగ్ చెయ్యండి, అంటే డైలాగు మర్చిపోయినవాళ్ళకి పక్కనుంచి అందించండి, మాటల మీద చెవి దానంతటదే కుదురుతుంది. డైలాగులు బట్టీ పట్టొద్దు, ఎదుటివాళ్ళ ఏ మాటకి మీ మాట వస్తుందో అది పట్టుకోండి, ఎదుటి మాట వినపడగానే మీది నోటికొస్తుంది. నడుస్తూ, కూరగాయలు తరుగుతూ చెప్పుకుంటే ఇంకా బాగా నిలుస్తాయి, కూర్చుని కాగితం చూస్తూ నేర్చుకున్నది స్టేజీ మీద లేచి నిలబడగానే పోతుంది.

రిహార్సల్ టైములు, ఇంటికి చేరే వేళ ముందే అడిగి తెలుసుకోండి, ఇంట్లో కూడా మీరే చెప్పండి. మోకాళ్ళ నొప్పి ఉంటే దర్శకుడికి మొదటి రోజే చెప్పేయండి, కూర్చుని చేసే పాత్ర చూస్తారు. ఈ నాటకంలో అవ్వ మంచం దిగేది ఒక్కసారే.